వయసుకొస్తున్న కుక్క యజమాని మీదే మొరిగితే...

అమెరికాలో మన తెలుగు వాళ్ళ ఇళ్ళల్లో కుక్కలు బాగా పెరిగాయి. ఒకప్పుడు పిల్లలు కుక్కపిల్ల కావాలని పోరు పెడితే "ఇండియా వెళ్ళినప్పుడు దాన్ని ఎవరు చూస్తారు?" అని దాటేసేవాళ్ళం. 2020లో కోవిడ్ వచ్చి అందరం ఇంటి నుంచి పని చేయడం మొదలుపెట్టాక ఆ సాకు చెల్లలేదు. కుక్కపిల్లని తెచ్చుకున్న మొదటి మూడు నాలుగు నెలల గురించి పుస్తకాలు, వీడియోలు బోలెడు ఉన్నాయి. పాలపళ్ళతో కొరకడం, కార్పెట్ తడపడం, రాత్రిళ్ళు ఏడవడం, వీటన్నిటికీ అందరూ సిద్ధపడే ఉంటారు. ఆ తరువాతి భాగం గురించి చెప్పేవాళ్ళు తక్కువ. అప్పటిదాకా "సిట్" అంటే బుద్ధిగా కూర్చున్న కుక్క, ఏడెనిమిది నెలల వయసులో ఒక సాయంత్రం సోఫా ముందు నిలబడి, మీ మొహంలోకి చూస్తూ ఆపకుండా మొరుగుతుంది. వీధిలో పోయేవాళ్ళ మీద, పోస్టుమాన్ మీద మొరిగితే అర్థం చేసుకోవచ్చు. ఇది మీ మీదే!

మేము ఉండేది నార్త్ కరోలినాలో, రెండు పక్కలా గోడలు కలిసి ఉన్న టౌన్‌హౌస్‌లో. మా కుక్క పేరు పులి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ కలిసిన మగ కుక్క, పది వారాల పిల్లగా షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. దానికి ఎనిమిదో నెల వచ్చేసరికి మా ఆవిడకి ఐదో నెల. అదే సమయానికి మా కమ్యూనిటీ సంఘం నుంచి "మీ కుక్క అరుపుల మీద ఫిర్యాదు వచ్చింది" అని ఒక ఉత్తరం. తెలిసినవాళ్ళలో సగం మంది "బిడ్డ పుట్టకముందే ఇచ్చెయ్యండి" అని సలహా ఇచ్చారు. ఇచ్చెయ్యడమా, ఉంచుకోవడమా అన్నది తేల్చుకోవాలంటే ముందు అసలు ఈ మొరగడం ఏమిటో తెలియాలి కదా. ఆ వెతుకులాటలో తెలిసిన విషయాలు, మాకు పనికొచ్చినవి, ఇక్కడ రాస్తున్నాను. ఇదే అవస్థలో ఉన్నవాళ్ళకి ఉపయోగపడతాయని ఆశ.

ఏ వయసులో, ఎందుకు?

కుక్కల్లో కౌమారం సుమారు 6 నెలలకి మొదలవుతుంది. చిన్న జాతుల్లో ఏడాదికల్లా ముగుస్తుంది. పెద్ద జాతుల్లో ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్ళ దాకా సాగుతుంది. ఒళ్ళు ముందు పెరుగుతుంది, నిదానం తరువాత వస్తుంది. అరవై పౌన్ల శరీరం, దాన్ని అదుపులో పెట్టుకోలేని బుర్ర. మన ఇళ్ళల్లో టీనేజి పిల్లలు ఉన్నవాళ్ళకి ఇంతకన్నా వివరించనక్కర్లేదు.

ఇది కేవలం పోలిక కోసం అంటున్న మాట కూడా కాదు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన లూసీ ఆషర్ బృందం అంధులకి దారి చూపే పనికి పెంచుతున్న కుక్కలని గమనించి, 2020లో బయాలజీ లెటర్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. 69 కుక్కలకి 5 నెలల వయసులో ఒకసారి, 8 నెలల వయసులో ఒకసారి "కూర్చో" అనే ఆజ్ఞతో పరీక్ష పెట్టారు. 8 నెలల వయసులో అవి తమని పెంచుతున్న మనిషి మాటని అంతకు ముందుకన్నా తక్కువగా విన్నాయి. అదే ఆజ్ఞ కొత్త మనిషి ఇస్తే మాత్రం వినడం తగ్గలేదు! అంటే నేర్చుకున్నది మర్చిపోయాయని కాదు, చెవుడు వచ్చిందనీ కాదు. మొండితనం పెంచుకున్న మనిషి దగ్గరే. అదే పరిశోధనలో మరిన్ని కుక్కల గురించి ప్రశ్నాపత్రాల ద్వారా సేకరించిన సమాచారంలో, ఏడాది నిండేసరికి ఈ ధోరణి వెనక్కి తగ్గినట్టు కనిపించింది.

ఈ ఒక్క సంగతి తెలిశాక మా ఇంట్లో సగం గొడవ తగ్గింది. పక్కింటి అమెరికన్ ముసలాయన చెబితే పులి టక్కున కూర్చునేది, నేను చెబితే నా మొహాన మొరిగేది. అది నన్ను లెక్కచేయకపోవడం కాదు, నేను దాని మనిషిని అవడం వల్ల వచ్చిన గౌరవం అన్నమాట!

ముందు లాగ్ చూడండి

మొరగడం అంతా ఒకటే కాదు. కారణం తెలియకుండా చేసే వైద్యం చీకట్లో బాణం. ప్రోగ్రాంలో బగ్ వస్తే ముందు లాగ్ చూడడం మనకి అలవాటే కదా, ఇక్కడా అదే పద్ధతి. రెండు వారాల పాటు ఎక్సెల్ షీట్‌లో మూడు గడులు పెట్టాను: మొరగడానికి ముందు ఏం జరిగింది, ఎలా మొరిగింది, ఆ వెంటనే ఇంట్లో వాళ్ళు ఏం చేశారు. పక్కన టైము.

రెండు వారాలు తిరిగేసరికి మూడు రకాలు తేలాయి. మొదటిది అడగడం. పులి ఎదురుగా నిలబడి, ఒకటి రెండు సార్లు మొరిగి, ఆగి, మన మొహం చూసి, మళ్ళీ మొరుగుతుంది. ఒళ్ళు వదులుగా ఉంటుంది, తోక ఊగుతూ ఉంటుంది. భోజనాల టైములో, నేను లాప్‌టాప్ తెరవగానే, మా ఆవిడ ఫోన్ పట్టుకోగానే మొదలు. రెండోది ఆటకి పిలవడం. ముందుకాళ్ళు నేలకి ఆన్చి, వెనక భాగం పైకెత్తి, సన్నని గొంతుతో మొరుగుతుంది. మూడోది రాత్రి ఎనిమిది ప్రాంతంలో వచ్చేది. ఇల్లంతా పరుగులు, పాంటు అంచులు పట్టి లాగడం, ఏం ఇచ్చినా ఆగని అరుపు. ఇది చూసి అందరూ "ఇంకా వ్యాయామం చాలలేదు" అనుకుని బంతి తీస్తారు. నిజానికి అది నిద్ర చాలని కుక్క. పెద్ద కుక్కలే రోజులో సగం సేపు నిద్రపోతాయి. ఎదిగే వయసు కుక్కకి అంతకన్నా ఎక్కువే కావాలి. సందడిగా ఉండే ఇంట్లో దానికి ఆ నిద్ర దొరకదు. ఏడున్నరకే దాన్ని క్రేట్‌లో పెట్టి, పైన దుప్పటి కప్పి, లైటు తగ్గించడం మొదలుపెట్టాం. నాలుగో రోజుకి ఎనిమిది గంటల గోల పోయింది. ఈ మొత్తం వ్యవహారంలో ఇంత తేలిగ్గా తీరిన సమస్య ఇదొక్కటే.

ఇవి కాక, భయంతో మొరగడం ఒకటుంది. కుక్క వెనక్కి జరుగుతూ, తోక దించి, చెవులు వెనక్కి పెట్టి మొరుగుతుంది. మీరు టోపీ పెట్టుకున్నా, పంచె కట్టుకుని వచ్చినా ఈ వయసులో కొన్ని కుక్కలు కొత్త మనిషిని చూసినట్టు బెదురుతాయి. అలాంటప్పుడు మీదకి వెళ్ళకుండా, పక్కకి తిరిగి మామూలుగా మాట్లాడితే వాసన పట్టి అదే దగ్గరికి వస్తుంది. ఒళ్ళు కర్రలా బిగించి, కళ్ళు ఆర్పకుండా చూస్తూ, గొంతులో గుర్రుమంటూ మొరిగేది వేరే సంగతి. దాని గురించి తరువాత చెబుతాను.

లాటరీ టికెట్

అడగడం కోసం మొరిగే కుక్కకి మొరగడం ఎందుకు అలవాటవుతుంది? షీట్‌లో మూడో గడి చూస్తే తెలుస్తుంది. ఒకసారి దోసె ముక్క వచ్చింది. ఒకసారి బంతి వచ్చింది. ఒకసారి "అబ్బా, ఆపరా!" అనే కేక వచ్చింది. తిట్టు కూడా కుక్కకి పలకరింపే. మీరు దాని వైపు తిరిగారు, చూశారు, మాట్లాడారు. దానికి కావలసింది అదే. పైగా ప్రతిసారీ దొరకకుండా ఎప్పుడో ఒకప్పుడు దొరికే బహుమతి అలవాటుని ఇంకా గట్టిపరుస్తుంది. దీన్ని హార్వర్డ్‌లో బి.ఎఫ్.స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాల్లో చూపించాడు. లాస్ వెగాస్ నడిచేదీ ఈ సూత్రం మీదే.

అయితే పట్టించుకోకపోతే సరిపోతుందా? చాలామంది ఇచ్చే సలహా అదే. సగం నిజం. బహుమతి ఆగిపోయిన మొదట్లో ఏ జంతువైనా ఆ పనిని మానే ముందు ఇంకా ఎక్కువ చేస్తుంది. నాణెం వేస్తే కోకు డబ్బా రాకపోతే మనం వెంటనే వెళ్ళిపోం కదా. బటన్ నాలుగుసార్లు నొక్కుతాం, మిషన్‌ని ఒక తన్ను తన్నుతాం. కుక్క కూడా అంతే. మూడు నిమిషాల మొరగడం ఏడు నిమిషాలు అవుతుంది. సరిగ్గా ఏడో నిమిషంలో ఎవరో ఒకరు ఓడిపోయి ఏదో ఒకటి ఇస్తే, ఏడు నిమిషాలు మొరగాలి అన్న పాఠం దానికి పూర్తవుతుంది. పక్క గోడకి అవతల పొరుగువాళ్ళు ఉన్న ఇంట్లో ఆ ఏడు నిమిషాలు ఓర్చుకోవడం అందరి వల్లా కాదు. అందుకని పట్టించుకోకపోవడం ఒక్కదాని మీదే ఆధారపడకుండా, మొరగడానికి బదులు ఏం చెయ్యాలో దానికి నేర్పాలి.

మేము చేసినది

భోజనాల టైముతో మొదలుపెట్టాం. టేబుల్‌కి ఆరడుగుల దూరంలో ఒక చాప వేశాం. ఇండియా నుంచి వచ్చిన మామూలు చాపే. పులి దాని మీద కాలు పెట్టగానే ఒక చిన్న ముక్క. కూర్చుంటే ఇంకొకటి. పడుకుంటే రెండు మూడు. మొదటి వారం ఇదంతా భోజనాల టైములో కాదు, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు. రెండో వారం నుంచి మేము అన్నం ముందు కూర్చున్నప్పుడు. మొదట ప్రతి ఐదు సెకన్లకి ఒకటి, తరువాత పదికి, ముప్పైకి, నిమిషానికి. అది మొరగడానికి ముందే ఇవ్వాలి. మొరిగాక చాప మీదకి పంపి ముక్క ఇస్తే, మొరిగి చాప మీదకి వెళ్ళడం ఒక ఆట అని అది నేర్చుకుంటుంది. ఇవి తెలివైన జంతువులు, తక్కువ అంచనా వెయ్యకండి.

ముక్క ఇవ్వడంలో ఆలస్యం పనికిరాదు. మంచి పని చేసిన సెకనులోగా అందాలి. అందుకే చాలామంది ట్రైనర్లు క్లిక్కర్ వాడతారు. మేము "భేష్" అనే మాట వాడాం. ఆ మాట ఇంట్లో మామూలు సంభాషణలో రాదు కాబట్టి తికమక లేదు. ముక్కలు వేరుశనగ గింజంత చాలు, రోజు తిండిలోంచి తీసినవైతే ఒళ్ళు పెరగదు.

అయినా మొరిగితే? లేచి, ఏమీ అనకుండా, దాని వైపు చూడకుండా గేటు అవతలికి వెళ్ళిపోవడమే. పిల్లల కోసం మెట్ల దగ్గర పెట్టే గేటు ఇందుకు చక్కగా పనికొస్తుంది. ముప్పై సెకన్లు చాలు. మొరగడం ఆగి రెండు సెకన్లు నిశ్శబ్దం రాగానే తిరిగి రావాలి. క్రమంగా ఆ రెండుని ఐదు, పది చెయ్యాలి. పావుగంట వదిలేస్తే శిక్ష ఎక్కువై పాఠం తక్కువవుతుంది. దేనికోసం వెళ్ళిపోయారో దానికి గుర్తుండదు.

ఆఫీసు కాల్స్ సంగతి మరొకటి. తొమ్మిదిన్నరకి స్టాండప్ మీటింగ్ ఉంటే తొమ్మిదింటికల్లా ఒక నడక. ఆ నడకలో మైళ్ళు కాదు ముఖ్యం, వాసనలు. ఒక్కొక్క చెట్టు దగ్గరా రెండు నిమిషాలు ముక్కు పెట్టనిస్తే, అరగంటలో కుక్క అలిసినట్టు గంట పరుగులో అలవదు. రాగానే రబ్బరు కాంగ్ బొమ్మలో నానబెట్టిన దాని తిండి కూరి, ముందు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టినది ఇస్తే, దాన్ని నాకుతూ ఇరవై నిమిషాలు గడిపేస్తుంది. లోపల పీనట్ బటర్ రాసేవాళ్ళు డబ్బా మీద చదవండి. చక్కెర లేని రకాల్లో కలిపే జైలిటాల్ కుక్కలకి విషం.

ఇంటికి వచ్చిన అమ్మానాన్నలు

సైన్సు కన్నా కష్టమైన భాగం ఇది. మా అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలకి వచ్చింది. కుక్కని ఇంట్లోకి రానివ్వడమే ఆవిడకి మొదట నచ్చలేదు. నెల తిరిగేసరికి "పాపం, నోరు లేని జీవి, ఆకలికి అరుస్తోంది" అని టేబుల్ కింద నుంచి పెరుగన్నం ముద్దలు మొదలయ్యాయి. నలుగురున్న ఇంట్లో ముగ్గురు నియమం పాటించి ఒకరు పాటించకపోతే, కుక్క లెక్కలో అది ఇంకా లాటరీయే. అమ్మని వద్దనడం కన్నా అమ్మకే పని అప్పజెప్పడం మంచిదనిపించింది. చాప దగ్గర ముక్కలు ఇచ్చే బాధ్యత ఆవిడదే అన్నాం. "మాటలు తెలుగులోనే చెప్తానురా, నాకు సిట్లూ స్టేలూ రావు" అంది. కుక్కకి భాష పట్టింపు లేదు, మాట ఒకటే అయితే చాలు. అందుకని ఇంట్లో అందరం "కూర్చో", "చాప", "వద్దు" అనే మూడు మాటలకి వచ్చేశాం. ఒకరు "డౌన్" అని, ఒకరు "పడుకో" అని, ఒకరు "ఒరేయ్ పడుకోవేంరా" అని అంటే దానికి అవి మూడు వేరు వేరు శబ్దాలు.

పెద్దవాళ్ళకి ఒక జాబితా రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకి పెట్టకూడదు. మన వంటల్లో సాంబారు, కూర, పులావు, పాయసం, అన్నిటికీ ఇందులో ఏదో ఒకటి తగులుతుంది. తాలింపు లేని పెరుగన్నం కొంచెమైతే ఫరవాలేదు.

చెయ్యకూడనివి

"దానికి ఎవరు యజమానో చూపించాలి, లేకపోతే నెత్తికెక్కుతుంది" అనే సలహా ప్రతి పార్టీలో ఒకరైనా ఇస్తారు. మూతి పట్టి నొక్కడం, వెల్లకిలా పడేసి అదమడం, చుట్టిన పేపరుతో కొట్టడం, అన్నీ ఆ కోవలోవే. దీని మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించిన తోడేళ్ళ మీద చేసిన పరిశీలన. నాయక తోడేలు అనే మాట డేవిడ్ మెక్ 1970లో రాసిన పుస్తకంతో బాగా ప్రచారమైంది. ఆ మెక్కే అడవిలో తోడేళ్ళని ఏళ్ళ తరబడి గమనించి, 1999లో రాసిన వ్యాసంలో అడవిలో తోడేళ్ళ గుంపు అంటే మామూలుగా తల్లిదండ్రులు, వాటి పిల్లలేననీ, పెత్తనం కోసం కొట్లాడే గుంపు కాదనీ తేల్చాడు. జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2008లోనే ఈ పెత్తనం సిద్ధాంతంతో శిక్షణ ఇవ్వడాన్ని తప్పు పట్టింది. 2021లో కుక్కల శిక్షణ అంతా బహుమతి పద్ధతిలోనే జరగాలని ప్రకటన చేసింది.

మొరిగినప్పుడు షాకు కొట్టే కాలర్లు అమెరికాలో దుకాణాల్లో దొరుకుతాయి. వేల్స్‌లో 2010లోనే నిషేధించారు. నా అభ్యంతరం జాలి ఒక్కటే కాదు. నొప్పి పుట్టిన క్షణంలో కుక్క ఎవరిని చూస్తూ ఉంటే ఆ నొప్పిని వాళ్ళకి ముడిపెట్టవచ్చు. ఆ ఎదురుగా ఉన్నది పాకే పిల్ల అయితే? పైగా మొరగడం, గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరికలు. వాటిని నొక్కేస్తే హెచ్చరిక లేకుండా కరిచే కుక్క తయారవుతుంది. "మొరిగే కుక్క కరవదు" అన్న సామెతని మాత్రం నమ్ముకోవద్దు. భయపడ్డ కుక్క మొరుగుతుంది, దారి లేకపోతే కరుస్తుంది కూడా.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి?

ఒళ్ళు బిగించి గుర్రుమనడం, తిండి గిన్నె దగ్గరికి వస్తే పళ్ళు చూపించడం, చర్మం తెగేలా కరవడం, నిన్నటిదాకా బాగున్న కుక్క ఒక్కసారిగా మారిపోవడం, ఇవి వయసు చేష్టలు అనుకుని వదిలెయ్యకండి. ముందు పశువైద్యుడికి చూపించాలి. చెవిపోటు ఉన్న కుక్క తల నిమరబోతే మొరుగుతుంది. పెద్ద జాతుల్లో, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్‌లలో, ఈ వయసులోనే పానోస్టయిటిస్ అనే ఎముకల నొప్పి వస్తుంది. ఒక కాలు తగ్గితే ఇంకో కాలు కుంటుతుంది.

నొప్పి లేదని తేలాక ట్రైనర్. అమెరికాలో కుక్కల ట్రైనర్ అవ్వడానికి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు, బోర్డు కట్టినవాడల్లా ట్రైనరే. అందుకని ఫీజు కన్నా ముందు రెండు ప్రశ్నలు అడగండి. కుక్క సరిగ్గా చేస్తే మీరేం చేస్తారు? తప్పు చేస్తే ఏం చేస్తారు? రెండో దానికి జవాబు సూటిగా రాకపోతే, లేదా కాలర్ గురించి మొదలైతే, ఇంకొకరిని వెతుక్కోవచ్చు. కరిచే దాకా వస్తే ట్రైనర్ చాలడు. పశువైద్యుల్లో ప్రవర్తన మీద ప్రత్యేక బోర్డు పరీక్ష ప్యాసైనవాళ్ళు ఉంటారు. తక్కువమంది, అపాయింట్‌మెంటుకి ఎదురుచూడాలి. మీ డాక్టరే అక్కడికి పంపుతారు. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు కూడా తమ పశువైద్యుడి ద్వారానే వెళ్ళడం మంచిది.

పసిబిడ్డ రాబోయే ఇళ్ళకి ఒక మాట. మొరగడం తగ్గినా తగ్గకపోయినా, కుక్కనీ బిడ్డనీ ఒక గదిలో పెద్దవాళ్ళు లేకుండా వదలకూడదు. ఒక్క నిమిషం కూడా. మేము ఏడో నెల నుంచే గేట్లు పెట్టి, ఉయ్యాల తెచ్చి, ఫోన్లో పసిపిల్లల ఏడుపు సన్నగా వినిపిస్తూ ముక్కలు వేశాం. అప్పటికి భోజనాల దగ్గర మొరగడం బాగా తగ్గింది, ఎనిమిది గంటల గోల లేదు. పొరుగువాళ్ళకి మా పని గురించి చెప్పి, నెల రోజులు గడువు అడిగాం. సంఘం నుంచి రెండో ఉత్తరం రాలేదు. పులిని ఉంచుకున్నాం.

చివరగా, అందరూ అడిగే ప్రశ్న: ఆపరేషన్ చేయిస్తే తగ్గుతుందా? ఇల్లు వదిలి తిరగడం, ఇంట్లో మూత్రంతో గుర్తులు పెట్టడం కొంత తగ్గవచ్చు. ముక్క కోసం మొరగడం నేర్చుకున్న అలవాటు, దానికీ దీనికీ సంబంధం లేదు. ఎప్పుడు చేయించాలన్నది జాతిని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో 35 జాతుల లెక్కలు ప్రచురించారు. పెద్ద జాతులు కొన్నిట్లో మరీ చిన్న వయసులో చేయిస్తే తరువాత కీళ్ళ జబ్బులు ఎక్కువని, చిన్న జాతుల్లో చాలావాటికి ఆ తేడా లేదని అందులో తేలింది. మీ డాక్టరుతో మీ కుక్క జాతి, బరువు చెప్పి మాట్లాడండి. పులికి పదిహేను నెలలకి చేయించాం. మొరగడం అప్పటికే చాలావరకు తగ్గి ఉంది, ఆపరేషన్ తరువాత ఇంకే తేడా కనబడలేదు. ఇప్పుడు దానికి మూడేళ్ళు. నా సాయంత్రం కాల్ ఆరు దాటితే మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ఒక్కసారి మొరుగుతుంది. అది దాని నడక టైము.